యూకాన్‌లో అద్దె మోటార్‌హోమ్: పడక భేష్, ఒప్పందం దగ్గరే జాగ్రత్త

బెంగళూరు నుంచి వేసవి సెలవుల్లో కెనడా ఉత్తరాన ఉన్న యూకాన్ వెళ్లి, దాని రాజధాని వైట్‌హార్స్‌లో మోటార్‌హోమ్ (మంచాలు, వంటిల్లు ఉన్న బండి) అద్దెకు తీసుకుని అడవుల మధ్య తిరిగి రావాలనుకునే తెలుగు కుటుంబాల కోసం ఈ సమీక్ష. ఏ ఒక్క కంపెనీ గురించో కాదు. అక్కడ అద్దెకిచ్చే బండ్లు చాలావరకు ఒకే అచ్చులోవి: ఫోర్డ్ ఈ-450 చాసిస్ మీద కట్టిన 24, 25 అడుగుల పెట్రోల్ బండి, డ్రైవర్ తల పైన ఒక మంచం, వెనక ఇంకో మంచం, నడుమ మూడు బర్నర్ల పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్. అందుకే తేడాలు బండిలో కన్నా ఒప్పందంలోనే ఎక్కువ కనిపిస్తాయి.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. నలుగురు కలిసి, ఎక్కువగా తారు రోడ్ల మీదే తిరిగితే డబ్బుకు తగ్గ సుఖం ఉంది. ఆరుగురు పడుకోవచ్చని రాసి ఉన్నా ఆ మాట పట్టించుకోవద్దు. రాత్రి టేబుల్‌ని మంచం చేసి, పొద్దున్నే మంచాన్ని మళ్లీ టేబుల్ చేసే ఓపిక రెండు మూడు రోజుల్లో తీరిపోతుంది. ఇద్దరే వెళ్తుంటే పికప్ ట్రక్కు మీద కూర్చోబెట్టిన చిన్న క్యాంపర్ మేలు. పెట్రోలు తక్కువ తాగుతుంది, కంకర రోడ్లకు అనుమతి కూడా దానికే తేలిగ్గా దొరుకుతుంది.

లైసెన్సు సంగతి సులువే. ఈ-450 మొత్తం బరువు పరిమితి సుమారు 6,570 కిలోలు. మామూలు కారు లైసెన్సు సరిపోతుంది. దాంతోపాటు ఆర్టీఓలో ఫారం 4ఏ ఇచ్చి, 1,000 రూపాయలు కట్టి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. అది ఏడాది మాత్రమే చెల్లుతుంది కాబట్టి ప్రయాణం తేదీ చూసుకుని అప్లై చేయాలి. విదేశం నుంచి దిగిన రోజే బండి ఇవ్వకూడదని చాలా కంపెనీల నియమం, ఆ రాత్రి హోటల్లో పడుకోవాల్సిందే. ఆ ఖర్చు బుకింగ్ పేజీలో కనిపించదు.

ఇక ఒప్పందం. అసలు చిక్కంతా ఇక్కడే. రోజుకు 100 కిలోమీటర్ల ప్యాకేజీ చవగ్గా కనిపిస్తుంది. కానీ వైట్‌హార్స్ నుంచి డాసన్ సిటీకే సుమారు 535 కిలోమీటర్లు. అక్కడి నుంచి టాప్ ఆఫ్ ద వరల్డ్ హైవే మీదుగా అలాస్కాలోని చికెన్, టోక్ చేరి, బీవర్ క్రీక్, హేన్స్ జంక్షన్ మీదుగా వెనక్కి వస్తే మొత్తం 1,450 దాటుతుంది. పది రోజులకు 1,000 కిలోమీటర్లే వస్తే మిగతా 450కి కిలోమీటరు లెక్కన కట్టాలి. ముందుగానే పెద్ద ప్యాకేజీ కొనడమే నయం. ఈ బండి నూరు కిలోమీటర్లకు 25 నుంచి 28 లీటర్లు తాగుతుంది, అంటే ఈ చుట్టుకు దాదాపు 360 నుంచి 410 లీటర్లు. ఒక్కటే ఊరట, యూకాన్‌లో అమ్మకాల మీద 5 శాతం జీఎస్‌టీ తప్ప వేరే ప్రాంతీయ పన్ను లేదు.

బీమా పత్రంలో మినహాయింపుల పేజీ ఒక్కటీ నెమ్మదిగా చదవండి. ముందు అద్దం, టైర్లు, బండి అడుగుభాగం, పైకప్పు: ఈ నాలుగూ మామూలు బీమాలోకి రాకపోవడమే ఎక్కువ. ఉత్తరాది రోడ్ల మీద దెబ్బ తినేవీ ఇవే! అద్దానికి విడిగా కవర్ దొరికితే తప్పక తీసుకోండి. ఏ రోడ్డు మీదకు వెళ్లవచ్చో పేరు పేరునా రాయించుకోండి. ‘కంకర రోడ్లు నిషిద్ధం’ అని ఒక్క ముక్క ఉంటే టాప్ ఆఫ్ ద వరల్డ్ కూడా అందులోకే వస్తుంది. డాసన్ దగ్గర మొదలై ఉత్తరానికి పోయే డెంప్‌స్టర్ హైవే సంగతి వేరు. ఇనువిక్ దాకా 736 కిలోమీటర్ల కంకర, పదునైన పలకరాయి, డాసన్ వైపు మలుపు వదిలాక 369వ కిలోమీటరు దగ్గర ఈగల్ ప్లెయిన్స్ వచ్చేదాకా పెట్రోలు లేదు. ఈ సైజు బండితో అటు వెళ్లొద్దనే మా సలహా, అనుమతి ఉన్నా సరే.

బండి అప్పగించేటప్పుడు గంటసేపు చూపిస్తారు. ఆ గంటలో చెప్పింది వింటూ తలూపితే లాభం లేదు, మీ చేత్తో చేసి చూడాలి. కుళాయిలన్నీ కట్టేసి నీళ్ల పంపు స్విచ్ వేయండి. కొన్ని సెకన్లు మోగి ఆగాలి. కుళాయి విప్పకుండానే కాసేపటికి మళ్లీ మోగితే ఎక్కడో లీకు ఉన్నట్టు. ఫ్రిజ్‌ను ప్రొపేన్ గ్యాస్ మీదకు మార్చి వెలిగిందో లేదో చూడండి. దీనికి కంప్రెసర్ ఉండదు, మంట వేడితో అమ్మోనియా తిరుగుతూ చల్లబరుస్తుంది. అందుకే బండి ఒక పక్కకు వాలి నిలిస్తే సరిగా పనిచేయదు. చల్లబడటానికి ఆరేడు గంటలు పడుతుంది, కూరగాయలు వెంటనే కుక్కేయకండి. వెనక జంట టైర్లలో లోపలి దాని గాలి కూడా కొలిపించండి, దాన్ని ఎవరూ పట్టించుకోరు. స్టెప్నీ ఉందా, ఉంటే జాకీ ఉందా అని అడగండి. కొన్ని బండ్లకు రెండూ ఉండవు.

నీళ్లు, మురుగు, కరెంటు. ట్యాంకర్ నీళ్లు, సంప్, యూపీఎస్ బ్యాటరీ మధ్య బతికే బెంగళూరు అపార్ట్‌మెంట్ వాళ్లకు ఈ లెక్క త్వరగా అర్థమవుతుంది. మంచినీళ్ల ట్యాంకు బండిని బట్టి 150 లీటర్ల అటూ ఇటూ. నలుగురు జాగ్రత్తగా వాడితే రెండు రోజులు. సింకు, స్నానం నీళ్లకు ఒక ట్యాంకు, మరుగుదొడ్డికి ఇంకోటి. ఖాళీ చేసే చోట ముందు మరుగుదొడ్డి ట్యాంకు వాల్వు లాగాలి, అది మూశాకే సింకు ట్యాంకుది. ఆ నీళ్లే గొట్టాన్ని కడుగుతాయి. తిరగేసి చేశారో, గొట్టం మీరే కడుక్కోవాలి. క్యాంప్‌లో డ్రెయిన్‌కు గొట్టం తగిలించి మరుగుదొడ్డి వాల్వు తెరిచే ఉంచితే నీళ్లు జారిపోయి, గట్టిది కింద కుప్పగా పేరుకుంటుంది. సగానికి పైగా నిండాకే ఒక్కసారిగా వదలాలి. ఖాళీ చేశాక ఆ ట్యాంకులో ఐదారు లీటర్ల నీళ్లు, కంపెనీ ఇచ్చిన మందు వేయండి. కాగితం కన్నా మగ్గుతో నీళ్లు వాడే మన అలవాటు ఇక్కడ పనికొస్తుంది: ట్యాంకు త్వరగా నిండినా పూడుకుపోదు. తాగునీటి గొట్టం, మురుగు గొట్టం ఒకే డబ్బాలో పెట్టి ఇస్తే వెంటనే విడదీయండి.

యూకాన్ ప్రభుత్వ క్యాంప్‌గ్రౌండ్లు అందమైనవి, కట్టెలు రుసుములోనే వస్తాయి. కానీ కరెంటు లేదు, స్నానపు గదులు లేవు, చేతిపంపు నీళ్లు కాచి తాగాలి. అక్కడ బ్యాటరీ లెక్క చూడండి. నూరు ఆంపియర్-గంటల లెడ్ బ్యాటరీలు రెండు ఉంటే, వాటిలో వాడదగ్గది సగమే, అంటే 100. హీటర్ ప్రొపేన్‌తోనే మండినా దాని ఫ్యాన్ ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. ఎనిమిది గంటల రాత్రిలో సగం సేపు తిరిగినా 30 పోయినట్టే. లైట్లు, పంపు కలిపితే 45. బండి కదలకుండా రెండు రాత్రులు గడుస్తాయి, మూడో రాత్రి చలిలోనే. థర్మోస్టాట్ 16 డిగ్రీల మీద పెట్టి దుప్పటి కప్పుకోవడం ఉత్తమం.

వంటకు మార్కులు బాగానే వేస్తాం, ఒక్క తాలింపు తప్ప. పొయ్యికీ స్మోక్ అలారానికీ మధ్య నాలుగడుగుల దూరమే. ఎండుమిరపకాయ వేగగానే అది గోల పెడుతుంది. అలారం బ్యాటరీ మాత్రం పీకొద్దు. పైకప్పు ఫ్యాన్, కిటికీ తెరిచాకే ఆవాలు వేయండి. మూడు లీటర్ల కుక్కర్ చాలు. మన 230 వోల్టుల మిక్సీ అక్కడి 120 వోల్టులకు పనికిరాదు, కాబట్టి కందిపొడి, కరివేపాకు పొడి, చింతపండు గుజ్జు ఇక్కడే సిద్ధం చేసుకోండి. పచ్చడి నూనె, అన్నం మెతుకులు సింకులో పోస్తే సింకు ట్యాంకు కంపు కొడుతుంది, పళ్లేలు కాగితంతో తుడిచాకే కడగాలి. భారత్ నుంచి తెచ్చిన బియ్యం, శనగలు అమెరికా సరిహద్దులో ఒప్పుకోరు, అలాస్కా వైపు దాటేవాళ్లు గుర్తుంచుకోవాలి. ఎలుగులు తిరిగే చోటు కాబట్టి గిన్నెలు, చెత్త ఏవీ రాత్రి బయట ఉండకూడదు. ఎలుగును తరిమే బేర్ స్ప్రే విమానంలో తేనివ్వరు, అక్కడే కొనాలి.

రోడ్డు మీద ఈ బండికి పదికి ఐదు. హేన్స్ జంక్షన్ దాకా హాయి. డిస్ట్రక్షన్ బే దాటాక అలాస్కా సరిహద్దు వరకు రోడ్డు అలలు అలలుగా ఉంటుంది. నేల లోపల ఏళ్ల తరబడి గడ్డకట్టిన మంచు, పైన వేడిని పీల్చే నల్ల తారు. ఆ మంచు ఒకచోట కరిగి, పక్కన కరగక, రోడ్డు కుంగుతూ లేస్తూ పోతుంది. ఎగుడు ఎక్కువున్న చోట పక్కన చిన్న జెండాలు పాతుతారు, జెండా కనబడితే వేగం గంటకు 60 కిలోమీటర్లకు దించండి. వెనక చక్రాల తర్వాత బండి చాలా పొడుగు ఉండటంతో కుదుపు వెనక మంచం దగ్గర రెట్టింపు అవుతుంది. గుడ్లు, గాజు సీసాలు ముందు అరల్లో, కింద పెట్టండి. అలమారాల గొళ్లేలు ప్రతిసారీ ఒక మనిషి చూడాలి.

టాప్ ఆఫ్ ద వరల్డ్ మీద ఎదురు లారీ వస్తే బాగా నెమ్మదించి కుడి అంచుకు తప్పుకోండి, రాళ్ల వేగం తగ్గుతుంది. అద్దం మీద చిన్న చుక్క పడితే దొరికిన మొదటి ఊళ్లోనే రెసిన్ నింపించండి. చల్లటి అద్దం మీదకు వేడి గాలి నేరుగా వదిలితే ఆ చుక్కే అడ్డంగా చీలిపోతుంది. ఈ దారి సరిహద్దు గేటు మే మధ్య నుంచి సెప్టెంబరు మధ్య వరకే, అదీ పగటి వేళల్లోనే తెరుస్తారు. యూకాన్ గడియారం అలాస్కా కన్నా గంట ముందు నడుస్తుంది, గేటు సమయం చూసేటప్పుడు మోసపోయేది ఇక్కడే. అమెరికా వీసా కావాలి, కెనడా మీకిచ్చిన బస గడువు లోపే వెనక్కి రావాలి. డాసన్ దగ్గర యూకాన్ నది దాటించే ఫెర్రీ ఉచితం, ఎక్కేముందు ప్రొపేన్ వాల్వు కట్టేయండి. డాసన్ నుంచి చికెన్ దాకా పెట్రోలు లేదు, ట్యాంకు నింపుకునే కదలాలి.

జూన్‌లో పగలు తరగదు, దోమలు మాత్రం మేఘాల్లా వస్తాయి. దోమతెర చిరిగిందేమో బండి తీసుకునేటప్పుడే చూడండి. ఆగస్టు చివరి రెండు వారాలు మా ఓటు: దోమలు తగ్గుతాయి, కొండలు ఎర్రబారతాయి, చీకటి వస్తుంది కాబట్టి ఉత్తర ధ్రువ కాంతులు కనిపించే వీలుంది. బడి సెలవులతో కుదరదన్నది ఒక్కటే లోటు.

తిరిగి ఇచ్చేటప్పుడు రెండు ట్యాంకులూ ఖాళీ, పెట్రోలు నిండుగా, లోపల ఊడ్చి ఉండాలి. లేకపోతే ఒక్కోదానికి విడివిడిగా వడ్డన ఉంటుంది. ప్రొపేన్ నింపాలా వద్దా అన్నది కంపెనీని బట్టి మారుతుంది, ముందే అడగండి. తిరిగి ఇచ్చే గడువు సాధారణంగా మధ్యాహ్నం లోపే, మురుగు ఖాళీ చేసే చోట వరుస ఉంటుంది కాబట్టి ముందు రాత్రి వైట్‌హార్స్‌లోనే బస చేయండి. వాంకూవర్ విమానం ఆ సాయంత్రం కన్నా ముందు లేకుండా బుక్ చేసుకోండి.