రవెన్నా: సగం పూటలో చూసేసే ఊరు కాదు

ఇటలీ టూర్ ప్యాకేజీల్లో రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ తప్ప రవెన్నా పేరు పెద్దగా వినపడదు. ఎవరినైనా అడిగితే "బొలోన్యా నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయండి" అంటారు. రావచ్చు, రైల్లో గంటా పావు. కానీ తొలినాటి క్రైస్తవ సంఘం చరిత్ర మీద కాస్త ఆసక్తి ఉంటే ఒక రాత్రయినా అక్కడ ఉండండి. 402లో పశ్చిమ రోమన్ చక్రవర్తి హొనోరియస్ రాజధానిని ఇక్కడికి మార్చాడు. తర్వాత గోత్‌లు అనే జర్మానిక్ తెగ వాళ్లు ఏలారు, 540లో తూర్పు రోమన్ రాజధాని కాన్‌స్టాంటినోపుల్ సైన్యం పట్టుకుంది. ఆ మూడు కాలాల కట్టడాలూ ఇంకా నిలబడే ఉన్నాయి, చాలావరకు నడిచి చూసేయొచ్చు.

నన్ను అడిగితే మొదట చూడాల్సినవి రెండు బాప్తిస్మ మందిరాలు. 325లో నైసియాలో జరిగిన బిషప్‌ల మహాసభ కుమారుడు (యేసు) తండ్రితో సమానుడని తేల్చింది, కాదన్న అరియస్ అనే పాద్రి బోధను తోసిపుచ్చింది. మన సీఎస్ఐ, క్యాథలిక్ గుళ్లలో చెప్పుకునే నైసియా విశ్వాస ప్రమాణం మూలం ఆ గొడవే. అయినా గోత్‌లు అరియస్ పక్షానే ఉన్నారు. అందుకే ఒకే ఊళ్లో రెండు సంఘాలు, రెండు బాప్తిస్మ మందిరాలు. నైసియా పక్షానిది ఐదో శతాబ్దపుది, నియోనియన్ అంటారు. రెండోది గోత్ రాజు థియోడొరిక్ కాలంలో కట్టింది.

విచిత్రం ఏమిటంటే రెండింటి కప్పు మీదా ఒకే దృశ్యం: యొర్దానులో యేసు, పక్కన యోహాను, పైన పావురం, చుట్టూ అపొస్తలులు. అరియస్ వాళ్ల దాంట్లో యేసుకి గడ్డం లేదు, కుర్రాడిలా ఉంటాడు. యొర్దాను నది ముసలాయన రూపంలో కూర్చుని ఉంటుంది, తల మీద పీత గోళ్లు! నియోనియన్‌లో యేసుకి గడ్డం ఉంది గానీ ఆ ముఖం 19వ శతాబ్దపు మరమ్మతు, కాబట్టి దాన్ని పట్టుకుని సిద్ధాంతాలు అల్లకండి. అంత పెద్ద తగాదా బొమ్మలో ఎక్కడుందో నేనైతే పట్టుకోలేకపోయాను.

తగాదా కళ్లకు కనబడేది సాంతపోల్లినారే నువోవోలో. ఇది థియోడొరిక్ సొంత చర్చి, ఆ తర్వాత నైసియా పక్షం చేతికి వచ్చింది. లోపలికి వెళ్లగానే కుడి గోడ మొదట్లో రాజభవనం మొజాయిక్ (చిన్న రంగు ముక్కలు అతికించి చేసిన బొమ్మ) ఉంటుంది. తోరణాల మధ్య ఒకప్పుడు మనుషులుండేవారు. చర్చి చేతులు మారాక వాళ్లను తీసేసి తెరలు పెట్టారు. కానీ స్తంభాల మీద చూడండి, అక్కడక్కడ చేతులు మిగిలిపోయాయి. మనిషి లేడు, చెయ్యి మాత్రం స్తంభం మీద అలాగే ఉంది. ఫోన్ జూమ్ కన్నా చిన్న బైనాక్యులర్ ఉంటే బాగా పనికొస్తుంది.

547లో ప్రతిష్ఠించిన సాన్ వితాలేలో జనం ఎక్కువ. అందరూ తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్, ఆయన రాణి థియోడొరా బొమ్మల ముందే ఆగుతారు. నిజానికి జస్టీనియన్ ఈ ఊరు రానేలేదు. పక్కనే హొనోరియస్ సవతి చెల్లెలు గల్లా ప్లాచీడియా సమాధి మందిరం. ఆమెను అక్కడ పాతిపెట్టారన్నది అనుమానమే గానీ నీలం కప్పు నిండా నక్షత్రాలు మాత్రం అద్భుతం. కంటికి చీకటి అలవాటు పడేలోగా సిబ్బంది బయటికి పంపేస్తారు. టైమ్ స్లాట్ పద్ధతి కాబట్టి వాళ్లననీ లాభం లేదు. పొద్దుటి మొదటి స్లాట్ తీసుకోండి.

టికెట్ల లెక్క కాస్త తికమక. సాన్ వితాలే, గల్లా ప్లాచీడియా, నియోనియన్, నువోవో ఒక కాంబో టికెట్‌లో వస్తాయి. అరియస్ వాళ్ల మందిరం, ఊరి బయటి క్లాస్సె చర్చి ప్రభుత్వ అజమాయిషీలో ఉన్నాయి, వాటికి టికెట్ వేరు.

నేను దిగింది స్టేషన్ దగ్గరి హోటల్. రైలు దిగి లగేజీ ఈడ్చుకోవడానికి సుఖమే గానీ ఏసీ పేరుకే, సిటీ ట్యాక్స్ నగదే ఇమ్మని చివర్లో పేచీ. సాన్ వితాలే వైపు సందుల్లో ఇళ్లలో ఇచ్చే గదులు దొరుకుతాయి, మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. శాకాహారులకు టెన్షన్ అక్కర్లేదు. పియదీనా అని మైదాపిండి రొట్టె, అందులో మెత్తటి చీజ్, ఆకుకూర పెట్టిస్తారు. పాతకాలం పద్ధతిలో పిండిలో పంది కొవ్వు కలుపుతారు, ఆలివ్ నూనెతో చేసింది కావాలని ముందే అడగాలి.

క్లాస్సె చర్చికి సిటీ బస్సు ఉంది. చర్చి 549 నాటిది. ఒకప్పుడు క్లాస్సె ఓడరేవు, ఇప్పుడు సముద్రం దూరం జరిగిపోయింది. బలిపీఠం మీది అర్ధగోళంలో పచ్చిక, గొర్రెలు, నక్షత్రాల మధ్య పెద్ద సిలువ. ఆ సిలువ సరిగ్గా నడిమధ్యలో యేసు ముఖం ఉంటుంది, వెతికితే గానీ దొరకదు. గోడల పాలరాతిని 1449లో రిమిని పాలకుడు సిగిస్మొండో మలతేస్తా ఊడబెరికించి తన చర్చికి పట్టుకుపోయాడు. టైమ్ తక్కువైతే థియోడొరిక్ సమాధిని వదిలేసి ఇక్కడికే రండి.