ఆరో నెలా, పదో నెలా: పాప అంగిలి ఆపరేషన్ కోసం తిరిగిన తిరుగుడు

పాప పుట్టిన రెండో రోజు తాగిన పాలు ముక్కులోంచి వచ్చాయి. పెదవి చక్కగానే ఉండడంతో అప్పటిదాకా ఎవరికీ అనుమానం రాలేదు. నర్సు టార్చి వేసి చూపించింది: అంగిలి వెనక భాగంలో చీలిక. ఆపరేషన్ తప్పదన్నారు. ఎప్పుడు అంటే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో నెల చెప్పారు. ఐదో నెల రాగానే రెండు ఊళ్లలో రెండు ఆసుపత్రులు చూసొచ్చాం.

మొదటిది స్టేషన్‌కి దగ్గర. ఏసీ గది, పక్కనే తల్లికి మంచం, వేడినీళ్లు, పిలిస్తే పలికే మనిషి. సర్జన్ గారు ఐదు నిమిషాలు చూసి, ఆరు నెలలు నిండగానే చేసేద్దాం, వచ్చే నెల డేట్ ఇస్తానన్నారు. కారణం కూడా చెప్పారు. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో టాప్స్ అనే అధ్యయనం వచ్చింది. 558 మంది పసివాళ్లలో కొందరికి ఆరు నెలలకు, కొందరికి ఏడాదికి ఆపరేషన్ చేసి, ఐదేళ్లకు మాట పరీక్షించారు. మాట్లాడేటప్పుడు గాలి ముక్కులోకి పోకుండా అంగిలి సరిగా మూసుకోని పిల్లలు మొదటి గుంపులో 8.9 శాతం, రెండో గుంపులో 15 శాతం. ఇంకేం కావాలి అనుకుని దాదాపు డబ్బు కట్టబోయాం. పాప బరువెంతో అక్కడ ఎవరూ అడగలేదన్న సంగతి తిరుగు రైల్లో గుర్తొచ్చింది.

రెండోదానికి రాత్రంతా బస్సు. ఎదురుగా ఉన్న వసతి గృహంలో దిగాం. నాలుగు గదులకు ఒకటే బాత్రూం, లిఫ్టు లేదు, పాపనెత్తుకుని మూడు అంతస్తులు ఎక్కడం. ఆ వసతికి మార్కులు వెయ్యమంటే పాస్ మార్కులే. ఆసుపత్రిలో మాత్రం సర్జన్, చెవి డాక్టరు, స్పీచ్ థెరపిస్ట్, పాలు పట్టించడం నేర్పే నర్సు ఒకే గదిలో కూర్చుని చూశారు. ముందు నర్సమ్మ నా చేతిలోని సీసా తీసుకుంది. "చప్పరించే బలం పాపకు రాదమ్మా, నువ్వే నొక్కాలి" అంటూ మెత్తటి సీసా ఇచ్చి, పాపను దాదాపు నిటారుగా కూర్చోబెట్టి, మింగినప్పుడల్లా కొద్దికొద్దిగా నొక్కడం చూపించింది. ఐదు నెలలుగా గంటసేపు పట్టే పాలు ఇరవై నిమిషాల్లో అయిపోయాయి. నాకు ఏడుపొచ్చింది.

అదే టాప్స్ గురించి అడిగితే ఆ సర్జన్ గారూ కాదనలేదు. అయితే అందులో అంగిలి చీలిక తప్ప వేరే ఇబ్బంది లేని, ఆ వయసుకు మత్తు తట్టుకోగలరని తేల్చిన పిల్లల్నే తీసుకున్నారని చెప్పారు. మా పాప బరువు తక్కువ, రక్తం తక్కువ. "ఆరు నెలలకు చెయ్యడం తప్పు కాదు. ఈ పాపకు ఆరు నెలలకు వద్దు" అన్నారు. అలాగని ఏళ్లకేళ్లు ఆగకూడదట. మాటలొచ్చే వేళకి అంగిలి కండరాలు కలవకపోతే, పిల్లలు గొంతులోంచి శబ్దం లాగడం అలవాటు చేసుకుంటారు. తర్వాత చీలిక మూసినా ఆ అలవాటు ఓ పట్టాన పోదు.

చెవి డాక్టరు కర్ణభేరి వెనక నీరు చేరిందన్నారు. అంగిలి చీలిక ఉన్న పిల్లల్లో ఇది మామూలేనట. ఆపరేషన్‌కిచ్చే అదే మత్తులో చెవులకు గ్రోమెట్లు, అంటే కర్ణభేరిలో పెట్టే చిన్న గొట్టాలు, కూడా వేస్తామన్నారు.

పదో నెలలో అక్కడే చేయించాం. మూడు రాత్రులు. తోడు ఒక్కరికే అనుమతి, అదీ కుర్చీలో. మొదటి రాత్రి ఎర్రటి చొంగ చూసి నేను బెదిరిపోతే, ఇది ఉంటుందని ముందే చెప్పాం కదమ్మా అంది నర్సు. చెప్పారు కూడా, టెన్షన్‌లో చెవికెక్కలేదు. నోట్లో వేళ్లు పెట్టకుండా మోచేతులకు పట్టీలు కట్టారు. వంగని చేతులతో తన ముక్కుకే కొట్టుకుంటూ పాప పడిన చిరాకు కుట్ల నొప్పికంటే ఎక్కువనిపించింది. డిశ్చార్జి కాగితాల కోసం సాయంత్రం దాకా కూర్చోబెట్టడం ఒక్కటే అక్కడ నాకు నచ్చలేదు.

స్పీచ్ థెరపిస్ట్ చెప్పిన మాట ఒకటుంది. అమ్మ, నాన్న, మామ అన్నీ ముక్కుతో పలికేవే, చీలిక ఉన్నా వస్తాయి. అవి విని మాట బాగుందనుకోవద్దు, నోట్లో గాలి ఆపితేనే వచ్చే మాటల కోసం చూడండి అన్నారు. ఏడాదిన్నర దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం పాప గుమ్మం వైపు వేలు చూపించి "తాత" అంది. మా నాన్నగారు చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చేశారు.