కడపలో శనివారపు బైబిలు పఠన తరగతి

కడపలో మా ఇంటికి దగ్గరున్న సంఘంలో శనివారం సాయంత్రం జరిగే బైబిలు పఠన తరగతికి, వాక్యాన్ని శ్రద్ధగా వినడం నేర్చుకోవాలనుకునేవారు తప్పక వెళ్లాలని మనస్ఫూర్తిగా చెబుతున్నాను. లూకా సువార్త 8వ అధ్యాయంలోని విత్తువాని ఉపమానాన్ని పాస్టరుగారు నిదానంగా రెండుసార్లు చదివి, వెంటనే వివరణకు దిగకుండా, ఏమి విన్నామో ముందుగా మమ్మల్నే చెప్పమన్నారు. ఆ కథలో కొన్ని విత్తనాలు పడిన ముండ్లపొదల మాట రాగానే, వేరుశనగ చేలో కలుపు తీసి నేరుగా వచ్చిన ఒక పెద్దమ్మ, చింతలూ ధనభోగాలూ మొలకను ఎలా అణచివేస్తాయో చెబుతుంటే అందరూ చెవులు రిక్కించి విన్నారు. బెరయ అనే పాతకాలపు పట్టణంవారు ఆసక్తితో వాక్యాన్ని అంగీకరిస్తూనే ప్రతిదినం లేఖనాలను పరిశోధించారని అపొస్తలుల కార్యములు 17:11 చెబుతుంది. ఇక్కడ కూడా ప్రశ్న అడిగితే ఎవరూ విసుక్కోరు, నాకు అన్నిటికంటే నచ్చినది అదే. చివరి వరుసకు మాట సరిగా వినబడదు కనుక కాస్త ముందుగా, సొంత బైబిలుతో వెళ్లడం మంచిది.