కండలు తిరిగిన దేహానికి ఏ వెలుగు మేలు?

కండలు తిరిగిన పురుష దేహాన్ని గీయాలన్నా, ఫొటో తీయాలన్నా భంగిమ కంటే ముందు వెలుగు సంగతి తేల్చుకోవాలి. మనిషి అతనే, భంగిమ అదే, కానీ దీపాన్ని రెండడుగులు పక్కకు జరిపితే చిత్రంలోకి మరో మనిషి వస్తాడు. ఎంచుకోవడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి: ఒక పక్క నుంచి పడే గట్టి వెలుగు, పెద్ద కిటికీలోంచి వచ్చే మెత్తని వెలుగు, వెనుక నుంచి అంచులను మాత్రమే తాకే వెలుగు. అసలు పోటీ మొదటి రెండింటి మధ్యే ఉంది.

గట్టి వెలుగు బలమంతా దాని మూలం చిన్నది కావడంలో ఉంది. సూర్యుడు మన కంటికి అర డిగ్రీ వెడల్పున మాత్రమే కనిపిస్తాడు కనుక ఎండలో నీడల అంచులు కత్తితో కోసినట్టు పడతాయి. దూరంగా పెట్టిన చిన్న స్టూడియో లైటు కూడా అదే పని చేస్తుంది. అటువంటి వెలుగును చర్మాన్ని రాసుకుంటూ పోయేటట్టు పక్క నుంచి వేస్తే, అర సెంటీమీటరు ఉబ్బు సైతం తన వెనుక ఒక నీడను పరుస్తుంది. చంక కింద, పక్కటెముకల మీద రంపపు పళ్లలా వరుస తీరే సెరాటస్ కండరం ఎదురు వెలుగులో ఉందో లేదో తెలియదు, పక్క వెలుగులో మాత్రం ఒక్కొక్క పన్నునూ లెక్కపెట్టవచ్చు. 18వ శతాబ్దం చివర రోముకు వెళ్లిన యాత్రికులు వాటికన్‌లోని ప్రాచీన శిల్పాలను రాత్రిపూట కాగడాల వెలుతురులో చూసేవారు. పగలు అణిగి ఉండే కండర రేఖలు కాగడా కదిలేకొద్దీ రాతిలోంచి లేచి వచ్చేవి. శరీర నిర్మాణం నేర్చుకునేవారికి ఇంతకు మించిన గురువు లేదని నేను నమ్ముతాను.

అయితే నేర్చుకోవడానికి పనికివచ్చిన వెలుగే ఒక మనిషిని చూపడానికీ సరిపోతుందనుకోవడం పొరపాటు, ఆ పొరపాటు నేనూ చాలాకాలం చేశాను. ఒకసారి బరువులెత్తే యువకుడొకరిని చార్‌కోల్‌తో గీస్తూ, ఒంటికి నూనె రాయించి, ఎడమ పక్కన ఒకే ఒక్క గట్టి దీపం పెట్టాను. పొట్ట మీద ఆరు గళ్లూ అచ్చు పోసినట్టు వచ్చాయి. కాగితాన్ని గోడకు ఆనించి నాలుగడుగులు వెనక్కి వచ్చి చూస్తే మాత్రం అది తోమిన ఇత్తడి పాత్రలా కనిపించింది; చర్మమనేది ఎక్కడా లేదు. నూనె పూసిన ఒంటి మీద వెలుగు అద్దం మీద పడినట్టు పడి తిరిగివస్తుంది, దాంతో చర్మపు ఛాయ పోయి తెల్లని మెరుపు మిగులుతుంది. దీనికి తోడు, వెలుగు వైపుకూ నీడ వైపుకూ ఉన్న తేడా ఎనిమిదింతలు, అంటే కెమెరా లెక్కలో మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) దాటితే, సగం దేహంలోని వివరం చాలావరకు చీకట్లో కలిసిపోతుంది. ప్రతి కండనూ ఒకే బిగువుతో చూపే చిత్రకారులను హెచ్చరిస్తూ, అటువంటి దేహం అక్రోటుకాయలు నింపిన సంచిలా ఉంటుందని లియొనార్డో డావిన్సీ తన రాతల్లో అన్నాడు. బతికున్న దేహంలో పనిచేసే కండ బిగుస్తుంది, పనిలేని కండ సడలుతుంది. చర్మాన్ని రాసుకుంటూ పోయే వెలుగు ఆ రెండింటినీ ఒకే గొంతుతో పలికిస్తుంది.

ఈ వాదనకు ఎదురు నిలిచేవాడు ఇటలీ చిత్రకారుడు కరవాజియో. రోములోని సాంతా మరియా దెల్ పోపొలో చర్చిలో, ఏసు శిష్యుడు సెయింట్ పీటర్‌ను శిలువ వేయడాన్ని చూపే 1601 నాటి అతని చిత్రంలో వెలుగు ఒకే వైపు నుంచి గట్టిగా పడుతుంది, వెనుకంతా చీకటి. అయినా ఆ దేహాలలో ఏదీ లోహంలా తోచదు. శిలువ కిందికి దూరి భుజంతో దానిని ఎత్తుతున్నవాడి మట్టి పట్టిన అరికాలు మన ముఖానికే ఎదురుగా ఉంటుంది. ముసలి పీటర్ ఛాతీలో బలం ఇంకా ఉంది, కానీ పొట్ట దగ్గర చర్మం మడతలు పడింది. గట్టి వెలుగు కండతో పాటు మురికినీ ముడతనూ మోస్తున్న బరువునూ దాచకుండా చూపినందువల్లే అక్కడ వాస్తవికత నిలిచింది. కనుక చిక్కు వెలుగుతో వచ్చింది కాదు, ఆ వెలుగు వేసి చర్మాన్ని నూనెతోనో రీటచింగుతోనో నునుపు చేయడంతో వచ్చింది. 1890లలో పేరుమోసిన బలశాలి యూజిన్ శాండో ఒంటికి తెల్ల పౌడరు పూసుకుని పాలరాతి విగ్రహంలా ఫొటోలకు నిలబడేవాడు. అతను కోరుకున్నది విగ్రహమే కనుక అది అతనికి తగిన పద్ధతే. మనిషిని కోరుకునేవారికి అది తగదు.

కిటికీ వెలుగు తీరు వేరు. మీటరున్నర వెడల్పున్న కిటికీకి మీటరు దూరంలో మనిషిని కూర్చోబెడితే, వెలుగు నీడగా మారేచోట వెడల్పైన సంధి ఒకటి ఏర్పడుతుంది. చర్మం తన గుణాన్ని బయటపెట్టేది ఆ సంధిలోనే. చర్మం మీద పడిన వెలుగులో కొంత లోపలికి దిగి, రక్తం పారే పొరల్లో చెదిరి, ఎరుపు కలుపుకుని మరోచోట బయటికి వస్తుంది. భుజపు గుండ్రదనం మలుపు తిరిగే చోట దగ్గరగా చూడండి: వెలుగు పూర్తిగా ఆరిపోకముందు వెచ్చని ఎరుపు ఛాయ సన్నగా కనిపిస్తుంది. తైలవర్ణాలతో పనిచేసేవారు ఆ ఛాయను పట్టుకుంటే భుజానికి ప్రాణం వస్తుంది, వదిలేస్తే ఎంత గుండ్రంగా దిద్దినా బొమ్మ భుజమే అవుతుంది. అదే యువకుడిని, నూనె తుడిపించి, ఆ మధ్యాహ్నమే కిటికీ పక్కన కూర్చోబెట్టి మళ్లీ గీశాను. పొట్ట మీది గళ్లలో కింది రెండూ మసకబారాయి. వాటికి బదులు, ఎడమ భుజం కుడిదానికంటే కాస్త దిగి ఉన్నదని, మెడ ఒక వైపే బిగుసుకుని ఉన్నదని, అరచేతుల్లో కాయలు కాచాయని మొదటిసారి గమనించాను. అన్నిటికంటే ముఖ్యంగా కళ్లు కనిపించాయి. దీపం కింద అవి కనుగుంటల నీడలో మునిగిపోయి ఉండేవి.

మెత్తని వెలుగుకూ లోపాలు లేకపోలేదు. మెత్తదనం వేరు, దిశ వేరు అన్న సంగతి మరిచి పెద్ద సాఫ్ట్‌బాక్సును (వెలుగును మెత్తబరిచే తెల్లగుడ్డ ముఖమున్న లైటు పెట్టెను) ఎదురుగా నిలబెడితే, ఏళ్ల తరబడి చెమటోడ్చి పెంచిన ఛాతీ కూడా పలకలా చదునవుతుంది. దానిని పక్కకు తిప్పి, అవతలి వైపు నల్లగుడ్డ వేలాడదీస్తే నీడ లోతెక్కి కండల ఆకారం తిరిగి వస్తుంది. దూరం కూడా పనిచేస్తుంది: చిన్న దీపానికి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, కిటికీకి ఆ లెక్క అచ్చంగా వర్తించకపోయినా, దగ్గరగా కూర్చున్నవాడి మీద వెలుగు ఒక భుజం నుంచి మరో భుజానికి చేరేలోపే గణనీయంగా తగ్గుతుంది.

చర్మపు రంగును బట్టి ఈ తూకం మారుతుందని చాలామంది గుర్తించరు. లేత చర్మం మీద ఆకారాన్ని చెప్పేది ఎక్కువగా నీడ. ముదురు చర్మం మీద ఎక్కువగా మెరుపు. అందుకే నల్లని దేహం మీద చిన్న దీపం అక్కడక్కడా తెల్లని చుక్కలు పెట్టి ఊరుకుంటుంది, పెద్ద కిటికీ మాత్రం ఒక్కో కండ వెంబడి పొడవైన, నిదానమైన మెరుపును పరిచి దాని మలుపునంతా చదివిస్తుంది. ఇక్కడ నాకు ఏ సందేహమూ లేదు, పెద్ద మూలమే మేలు.

వెనుక వెలుగు భుజాల వెడల్పునూ నడుము సన్నదనాన్నీ ఒక్క గీతలో చెప్పగలదు. పోస్టరుకు అది చాలు, రూపచిత్రానికి చాలదు. తోడుగా మరో వెలుగు ఉంటేనే దానికి విలువ.

కాబట్టి అభ్యాసానికి, విగ్రహంలాంటి దేహం కావాలనుకున్నప్పుడు గట్టి పక్క వెలుగు. ఒక మనిషి రూపచిత్రానికి, నూనె లేని చర్మం మీద, పక్కగా పడే కిటికీ వెలుగు. రెండు వైపుల తేడా నాలుగింతలు, అంటే రెండు స్టాపుల దగ్గర ఉంటే నాకు తృప్తిగా ఉంటుంది. కొలిచే పరికరం చేతిలో లేనప్పుడు నీడ వైపున్న కాలర్‌బోన్ (మెడ కింది అడ్డ ఎముక) పైగుంటను చూస్తాను. ఆ గుంటలో నలుపు తప్ప ఏమీ కనిపించకపోతే తెల్లని అట్టముక్కను అటు వైపు దగ్గరికి జరుపుతాను. గుంటే కనిపించకుండా పోతే ఆ అట్టముక్కను తీసేస్తాను. గుంట లోతు తెలుస్తూనే అడుగున చర్మం కూడా కనిపించిన క్షణాన గీయడం మొదలుపెడతాను.