నేరం చేసి దొరికితే వాటర్‌డీప్‌లో దొరకాలా, బాల్డర్స్ గేట్‌లోనా?

మారతహళ్లిలో మన తెలుగు గ్యాంగ్ డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఊహాలోకంలో తలో పాత్ర వేసి ఆడే ఆట) ఆడటానికి కూర్చుంటే, అందులోని ఈ రెండు నగరాల మీద ఎప్పుడూ ఇదే గొడవ. నా ఓటు వాటర్‌డీప్‌కే. సిటీ వాచ్ పట్టుకుంటుంది, మేజిస్ట్రేట్ తీర్పు చెబుతాడు, ఏ నేరానికి ఏ శిక్షో కోడ్ లీగల్ అనే ఆ నగర చట్టంలో రాసే ఉంటుంది: కారణం లేకుండా పౌరుణ్ని చంపితే మరణశిక్ష లేదా 10 ఏళ్ల దాకా కఠిన శ్రమ, పైగా చనిపోయినవాడి కుటుంబానికి 1,000 బంగారు నాణేల వరకు పరిహారం. పైనున్న లార్డుల్లో ఒక్కరు తప్ప అందరూ ముసుగుల్లోనే ఉంటారు కాబట్టి లంచం ఎవరికివ్వాలో కూడా తెలియదు, అదో టెన్షన్!

బాల్డర్స్ గేట్ లెక్క వేరు. ఎగువ ఊళ్లోని ధనవంతులకు వాచ్, దిగువ ఊరికి ఫ్లేమింగ్ ఫిస్ట్ అనే కిరాయి సైన్యం. కిరాయికి కత్తి పట్టేవాళ్లే పోలీసులైతే ఇక న్యాయం సంగతి చెప్పాలా? దొంగ పాత్ర ఆడేవాళ్లకు మాత్రం పండగే, గిల్డ్ అనే దొంగల ముఠా అండ ఉంటే చాలు.