ఆనీ పెక్ vs ఫానీ వర్క్‌మన్: ముందు ఎవరి గురించి చదవాలి?

ఇద్దరూ అమెరికన్లే, ఒకే కాలంలో కొండలెక్కారు, ఒకరంటే ఒకరికి పడేది కాదు. ఫానీది బాగా డబ్బున్న కుటుంబం. భర్తతో కలిసి సైకిల్ మీద ఇండియా అంతా తిరిగింది, తర్వాత హిమాలయాల్లోకి వెళ్లి 1906లో దాదాపు 6,930 మీటర్ల (సుమారు 22,700 అడుగుల) పినకిల్ పీక్ ఎక్కేసింది, అదీ పొడుగు స్కర్ట్ లోనే. 1912లో సియాచిన్ మంచులో "వోట్స్ ఫర్ విమెన్" (ఆడవాళ్లకి ఓటు హక్కు కావాలి) అని రాసున్న పేపర్ పట్టుకుని దిగిన ఫోటో మాత్రం తప్పకుండా చూడండి.

ఆనీ లాటిన్ పాఠాలు చెప్పుకునే టీచర్. 1895లో ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ శిఖరం ప్యాంటు వేసుకుని ఎక్కిందని జనం గోల గోల చేశారు. లెక్చర్లు ఇచ్చి, వాళ్లనీ వీళ్లనీ అడిగి డబ్బులు పోగేసుకుని పెరూలో వాస్కరాన్ పర్వతం మీదకి మళ్లీ మళ్లీ వెళ్లి చివరికి 1908లో దాని ఉత్తర శిఖరం ఎక్కింది, అప్పటికి దాదాపు 58 ఏళ్లు! చలికి వేసుకున్న ఉన్ని మాస్క్ మీద మీసం బొమ్మ కూడా ఉండేది. కానీ ఆ ట్రిప్పులో ఒక స్విస్ గైడ్ మంచు దెబ్బకి చేతి వేళ్లు పోగొట్టుకున్నాడు, అది మర్చిపోకూడదు.

ఆ వాస్కరాన్ శిఖరం 24,000 అడుగులు ఉండొచ్చు అని ఆనీ అనేసరికి ఫానీ సొంత ఖర్చుతో సర్వేయర్లని పెరూ పంపించి కొలిపించింది, దాదాపు 21,800 అడుగులే అని తేలింది. అంటే అప్పటికి అందరికంటే ఎత్తు ఎక్కిన ఆడమనిషి అనే రికార్డు ఫానీదే, ఆమె లెక్కే కరెక్ట్. అయినా నా ఓటు ఆనీకే, 82 ఏళ్లప్పుడు కూడా న్యూ హాంప్‌షైర్‌లో మౌంట్ మాడిసన్ ఎక్కిన మనిషి ఆవిడ.