ఆంటూరాజ్ డీవీడీలు: ఐదో సీజన్‌తో ఆగిపోండి

అమెరికా టీవీ ఛానెల్ హెచ్‌బీఓలో 2004 నుంచి 2011 దాకా ఎనిమిది సీజన్లు, 96 ఎపిసోడ్లుగా నడిచిన ‘ఆంటూరాజ్’ సీరియల్ డీవీడీ పెట్టెలు కొత్తవి నాకు ఎక్కడా దొరకలేదు. మొదటి రెండు సీజన్లు హైదరాబాద్ అబిడ్స్‌లో, ఆదివారం పాత పుస్తకాలు పరిచే చోట, ఒక్కొక్కటి రూ. 300కు కొన్నాను. తర్వాతి మూడూ ఆన్‌లైన్‌లో పాత సరుకు అమ్మే ఒకాయన దగ్గర తెప్పించాను. నల్లగొండ ప్రకాశం బజారులో ఒకప్పుడు నాకు సీడీలు అద్దెకిచ్చే కొట్టు ఉండేది. అందుకే పెట్టె తెరవగానే బొమ్మ సంగతి తర్వాత, ముందు బిళ్ళను వెలుతురుకు పెట్టి చూస్తాను.

‘ఫోనులో చూసేదానికి ఈ ప్లాస్టిక్ ఎందుకు బావా?’ అని మా బావమరిది పెట్టె వచ్చిన ప్రతిసారీ అడిగాడు. తను చూస్తున్న సీరియల్ యాప్ నుంచి రాత్రికి రాత్రి మాయమైనప్పుడు ఇల్లు పీకి పందిరేసినదీ ఆయనే. నా బీరువాలో ఉన్నదాన్ని ఎవరూ ఎత్తుకుపోరు.

కథ తేలిక. న్యూయార్క్‌లోని క్వీన్స్ కుర్రాడు విన్సెంట్ చేజ్ హాలీవుడ్‌లో హీరో అవుతాడు. చిన్ననాటి స్నేహితుడు ఎరిక్ అతనికి మేనేజర్. టర్టిల్ కారు నడుపుతాడు, చిల్లర పనులు చూస్తాడు. అన్న జానీ డ్రామా వంట చేస్తాడు, తనకూ వేషాలు రావాలని తిరుగుతాడు. డగ్ ఎల్లిన్ సృష్టించిన ఈ సీరియల్‌కు నటుడు మార్క్ వాల్‌బర్గ్ ఒక నిర్మాత. ఆయన తొలినాళ్ళ అనుభవాలే దీనికి మూలం. హీరో చుట్టూ తిరిగే నలుగురి బతుకు మనకు కొత్తేమీ కాదు. కటౌట్‌కు పాలు పోసినవాళ్ళు, పోయించినవాళ్ళు మన ఊళ్ళోనే ఇంకా ఉన్నారు.

డ్రామా వేషం వేసిన కెవిన్ డిలన్ నిజ జీవితంలో మ్యాట్ డిలన్‌కు తమ్ముడు. పేరున్న నటుడికి తోబుట్టువుగా ఉండటమంటే ఏమిటో ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు. సీరియల్‌లో తమ్ముడు విన్సెంట్‌కు వచ్చిన కథలో తనకూ నాలుగు సీన్లు ఉంటాయా అని అడిగే ముందు గొంతు సవరించుకుంటాడు చూడండి, అక్కడ నేను నవ్వలేకపోయాను.

అసలు డబ్బంతా గిట్టేది ఏజెంట్ ఆరీ గోల్డ్ దగ్గర. ఈ పాత్రకు జెరెమీ పివెన్ 2006, 2007, 2008లో వరుసగా మూడు ఎమ్మీలు, అంటే అమెరికా టీవీ అవార్డులు, గెలిచాడు. మన దగ్గర డేట్లు చూసే మేనేజర్లు ఉన్నట్టే అక్కడ నూటికి పది తీసుకునే ఏజెంట్లు ఉంటారు. ఆరీ చెవికి ఫోను పెట్టుకుని నడుస్తూ ఒకరిని బతిమాలతాడు, మరొకరిని బెదిరిస్తాడు, మధ్యలో గది బయట కూర్చున్న సహాయకుడు లాయిడ్‌ను నానా మాటలూ అంటాడు. ఆ మాటలు నోటికి రావు, పత్రికలో అచ్చు కావు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోకపోతే నాలాంటివాళ్ళకు సగం జారిపోతాయి. అమ్మానాన్నలు హాల్లో ఉన్నప్పుడు అసలు పెట్టకండి. ఆడవాళ్ళను చూపించిన తీరు కూడా నాకు నచ్చలేదు. చాలామంది వచ్చిపోయే బొమ్మలే.

పదండి, బిళ్ళల దగ్గరికి. డీవీడీలకు ప్రపంచాన్ని రీజియన్లని ముక్కలు చేసి, ఏ ముక్క బిళ్ళ ఆ ముక్క ప్లేయర్‌లోనే ఆడేలా తాళం వేశారు. అమెరికా డీవీడీలు రీజియన్ 1వి, మన దేశం రీజియన్ 5. ఇక్కడ కొన్న మామూలు ప్లేయర్ వాటిని మింగదు. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ ఉంటేనే ఈ బేరానికి దిగండి. నాలుగో సీజన్ మాత్రం నాకు బ్రిటన్ పెట్టె వచ్చింది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన తీసిన బొమ్మను అక్కడి పద్ధతిలో 25 ఫ్రేములుగా నడిపిస్తారు, అంటే వేగం నూటికి నాలుగు వంతులు పెరుగుతుంది. అసలే ఊపిరి తీసుకోని ఆరీ ఇందులో ఇంకా పరుగెడతాడు. మా ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు, నేను మాత్రం గొంతులో తేడా విన్నాను.

ఆన్‌లైన్‌లో అమ్మినాయన ‘కొత్తదానిలా ఉంది’ అని రాసిన ఐదో సీజన్ పెట్టెలో, మధ్యన బిళ్ళను పట్టి ఉంచే ప్లాస్టిక్ పళ్ళు విరిగి ఉన్నాయి. దారంతా బిళ్ళ లోపల దొర్లింది. గుండ్రంగా పడిన గీత చెడ్డది, నడిమి నుంచి అంచుకు పడిన గీతను ప్లేయర్ చాలావరకు దాటేస్తుంది. అందుకే తుడిచేటప్పుడూ మెత్తటి గుడ్డతో నడిమి నుంచి అంచుకే తుడవాలి. అదృష్టం, ఒక్క ఎపిసోడ్‌లోనే బొమ్మ గళ్ళు గళ్ళుగా ఆగింది. ఫొటో పంపితే ఆయన రూ. 100 వెనక్కి ఇచ్చాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మూడో సీజన్ ఆరంభం. దర్శకుడు జేమ్స్ కామెరాన్ తన పేరుతోనే నటిస్తూ, కథలో విన్సెంట్‌తో ‘ఆక్వామ్యాన్’ తీస్తాడు. నిజం ‘ఆక్వామ్యాన్’ 2018లో వేరే దర్శకుడితో వచ్చిందిలెండి. కథలో విడుదల రోజున లాస్ ఏంజెలెస్‌లో ఎండలు మండి కరెంటు కోతలు! శుక్రవారం కలెక్షన్లు పోతాయేమోనని ఆరీ గిలగిలలాడతాడు. ‘స్పైడర్‌మ్యాన్’ రికార్డు దాటాలి, థియేటర్లు చీకట్లో ఉన్నాయి. జనరేటర్ చప్పుడు మధ్య మ్యాట్నీ చూసిన నల్లగొండ జనానికి ఈ ఎపిసోడ్ విడమరచి చెప్పక్కర్లేదు.

నాలుగో సీజన్‌లో వీళ్ళంతా ఆస్తులు పణంగా పెట్టినంత పని చేసి తీసిన ‘మెడలిన్’ కాన్ చిత్రోత్సవంలో బొక్కబోర్లా పడుతుంది. ఐదో సీజన్‌కు వచ్చేసరికి ఆ సినిమాకు థియేటర్ దక్కదు, నేరుగా డీవీడీకి వెళుతుంది. ఆ సంగతి డీవీడీలోనే చూస్తూ నా కొట్టు అరలు గుర్తొచ్చాయి. అలాంటి అనాథ సినిమాలు వాటిలో ఎన్నో ఉండేవి. అడిగినవాడు లేడు, పారేయడానికి చెయ్యి రాలేదు. హీరో నిజంగా ఓడిపోయే సీజన్ కాబట్టి ఐదోదే గట్టిది. చివర్లో దర్శకుడు మార్టిన్ స్కోర్సేసీ వచ్చి అతన్ని ఒడ్డున పడేస్తాడు. ఆ తర్వాత మళ్ళీ అన్నీ కలిసిరావడమే, బరువు పోతుంది.

ఆరోది కూడా పంపనా అని అమ్మినాయన అడిగాడు, వద్దన్నాను. కొనేవాళ్ళు మూడో సీజన్ దగ్గర జాగ్రత్త: 20 ఎపిసోడ్లను 12, 8గా చీల్చి రెండు పెట్టెల్లో అమ్మారు. రెండూ కలిపి ఇస్తేనే డబ్బు తీయండి, ఒక్కో పెట్టెకు రూ. 400 దాటనివ్వకండి.